కప్పు కారేది అంచు దగ్గరే



శ్రావణమాసం రాగానే మా కర్నూలు జిల్లా పెద్దకడుబూరు, కౌతాళం, కోసిగి రోడ్ల మీద ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే ట్రాక్టర్లు వరుసగా కనిపిస్తాయి. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి, తుంగభద్ర అవతల కర్ణాటక ఊళ్ళ నుంచి ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. స్వామి దర్శనం మాట అట్లుంచి, మీరు ఈసారి ఆ ట్రాలీల మీది కప్పుల్ని చూడండి. ఒకరు వెదురుబద్దలు వంచి నీలం పట్ట కట్టి ఉంటారు. ఇంకొకరు పశువుల కొట్టం మీది జింకు రేకు పీకి తెచ్చి, అది ఎగిరిపోకుండా తాళ్ళతో బిగించి ఉంటారు. ఎక్కడో ఒకరికి మాత్రం వంచిన ఇనుప కమాన్లు, వాటి మీద తళతళలాడే అల్యూమినియం రేకు ఉంటుంది. దూరం నుంచి చూస్తే మూడోదే బాగుందనిపిస్తుంది. దగ్గరికి పోయి అంచు చూసేదాకా ఆ మాట అనొద్దు.

సంక్రాంతి దాటాక మా పడమటి మండలాలు ఇంకో ప్రయాణం కడతాయి. మిరపకాయల కోతకు గుంటూరు, పల్నాడు వైపు సుగ్గికి పోయే కుటుంబాలు మా దగ్గర లెక్కలేనన్ని. పిల్లలు, వంటసామాను, జొన్నల మూట అన్నీ వెంట తీసుకొని, చేని గట్టున పట్ట కింద నెలల తరబడి కాపురం. తెల్లవారుజామున మంచుకు ఆ పట్ట లోపల కూడా తడుస్తుంది. మార్చి ఎండకు అదే పట్ట కింద ఊపిరాడదు. అందుకే పాత ట్రాలీ చట్రం మీదనో, రెండు చక్రాల ఇరుసు మీదనో చిన్న గది కట్టిస్తే ఎట్లుంటుందని రేకుల అంగళ్ళకు వచ్చి అడిగేవాళ్ళున్నారు. అట్లా అడిగేవాళ్ళ కోసమూ, సొంతంగా చేసుకుందామనుకునే కుర్రవాళ్ళ కోసమూ ఈ నాలుగు మాటలు.

ఇట్లాంటి బండ్లను వేరే దేశాల్లో క్యాంపింగ్ ట్రెయిలర్లు అంటారు. అమెరికాలో హాలీ బౌలస్ అనే ఆయన గ్లైడర్లు కట్టేవాడు. లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానాన్ని 1927లో కట్టినప్పుడు ఆ పనిని దగ్గరుండి చేయించినవాడు కూడా ఈయనే. ఆయన 1934లో అల్యూమినియం రేకును రివెట్లతో కుట్టి రోడ్ చీఫ్ అనే ట్రెయిలర్ చేశాడు. రెండేళ్ళకు వాలీ బయాం అనే ఆయన అదే దారిలో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ తెచ్చాడు. విమానం చేసే చేతులే ట్రెయిలర్ కూడా చేశాయన్నమాట. అందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్ళు అల్యూమినియాన్ని ఇనుములాగా చూడలేదు. మనవాళ్ళు చేసే తప్పంతా అక్కడే ఉంది. జింకు రేకుకు ఏం చేస్తారో దీనికీ అదే చేసి, ఒక వాన పడగానే "అల్యూమినియం మంచిది కాదప్పా" అంటారు.

ముందు బరువు సంగతి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ఒక మిల్లీమీటరు మందం రేకు అల్యూమినియమైతే 8 కిలోలు, ఇనుమైతే 23 కిలోల పైన. బండి నెత్తిన బరువు ఎంత తగ్గితే మలుపుల్లో బండి అంత నిలకడగా ఉంటుంది. కప్పుకు ఒక మిల్లీమీటరు కూడా అక్కర్లేదు. అంగట్లో 22 గేజి అని అడగండి, మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది. 26 గేజి చవకగా వస్తుంది గానీ, దాని మీద ఎవరైనా మోకాలు ఆనిస్తే సొట్ట పడి ఊరుకుంటుంది. ఇంటి కప్పులకు వాడే అలల రేకు మాత్రం వద్దు. ఆ అలల చివర్లన్నీ మూయడం పెద్ద తంటా. మూయకపోతే మన ఎర్రదుమ్మంతా అన్నంలోకి వస్తుంది. సాదా రేకు తీసుకొని దానికి కొంచెం వంపు ఇస్తే చాలు. వంపు ఉంటే రేకుకు బిగువు వస్తుంది, నీళ్ళు నిలవవు, గాలికి డబడబమనదు. మన గూడుబండి కట్టినవాళ్ళకు ఈ సంగతి ఏనాడో తెలుసు.

సొంతంగా కొత్త బండి కట్టేవాళ్ళకు ఒక సలహా. బండి కొలత మీరు అనుకొని, దానికి తగిన రేకు కోసం తిరగొద్దు. ముందు అంగట్లో దొరికే రేకు కొలత చూసుకొని, దానికి తగినట్లు బండి కట్టండి. నాలుగు బై ఎనిమిది రేకు ఒకటి అతుకు లేకుండా కప్పును మూసిందంటే, సగం బాధ పుట్టకముందే పోయినట్లు. వంపుకు కొంత, చూరుకు కొంత పోతుంది కాబట్టి గది ఆ కొలత కంటే చిన్నగానే ఉండాలి. పెద్ద ట్రాలీకి ఆ వీలు లేదు, రెండు మూడు రేకులు కలపాల్సిందే. అప్పుడు రేకుల్ని అడ్డంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పరచండి. ముందు రేకు అంచు వెనక రేకు మీదికి రెండు మూడు అంగుళాలు ఎక్కాలి. తిరగేసి వేస్తే బండి పోతున్నప్పుడు ఎదురుగాలి వాననీళ్ళను తీసుకొచ్చి నేరుగా ఆ సందులోకి తోస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అల్యూమినియం కదులుతుంది. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అన్ని లోహాలూ చేసే పనే అది, కానీ ఇది ఇనుముకు దాదాపు రెట్టింపు చేస్తుంది. పుష్యమాసం తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర ఉన్న కప్పు, మధ్యాహ్నపు ఎండలో 65 డిగ్రీలకు పోతుందనుకోండి. ఎనిమిదడుగుల రేకు దాదాపు 3 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. కింద ఇనుప చట్రం పూర్తిగా అంతే వేడెక్కినా అందులో సగమే సాగుతుంది. ఈ తేడా ఎక్కడికి పోవాలి? స్క్రూలు బిర్రుగా బిగిస్తే రేకు ఎటూ కదల్లేక నడుమ ఉబ్బుతుంది. రోజూ అట్లా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే కొన్నాళ్ళకు రంధ్రం చుట్టూ చీలిక పడుతుంది. నీళ్ళు దిగేది ఆ చీలికలోంచి.

అందుకని రేకులో రంధ్రం రివెట్టు కంటే ఒక పాలు పెద్దగా ఉండాలి, పైన వాషర్ వెడల్పుగా ఉండాలి. కింద చట్రంలో రంధ్రం మాత్రం రివెట్టుకు సరిగ్గా సరిపోవాలి. ఇంకొక సంగతి, బిగించడం ఎప్పుడూ నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు రావాలి. నాలుగు మూలలూ ముందే బిగించి నడుమకు వస్తే, అప్పటికే రేకు ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు ఎటు నొక్కినా పక్కకు పోతుందే తప్ప మాయం కాదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బిగించడం మొదలుపెట్టండి. ఎండ ఎక్కాక పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, కొలతా మారుతుంది.

ఇనుమూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి ఆనుకొని, నడుమ తడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. అక్కడ తెల్లటి పొడి కనిపిస్తుంది, అది తుప్పే. జింకు పూత లేని మామూలు ఇనుప మొలలు వేసిన చోట రెండు మూడు వానాకాలాల్లో రేకు జల్లెడ అవుతుంది. అందుకే ఇనుప కమాన్లకు ముందు రెడ్ ఆక్సైడ్, ఆ మీద ఒక కోటు పెయింటు, అది ఆరాక ఫోము టేపు గానీ పీవీసీ టేపు గానీ అంటించి, ఆ పైన రేకు దించాలి. రివెట్లు అల్యూమినియంవి, స్క్రూలైతే స్టెయిన్‌లెస్ స్టీలువి. రాగి తీగ ముక్క కూడా ఆ కప్పు మీద ఉండకూడదు, అది ఇనుము కంటే చెడ్డది. ఇనుప ముక్కలు గ్రైండర్‌తో కోసేటప్పుడు రేకును దూరంగా పెట్టండి. ఆ నిప్పురవ్వలు రేకు మీద పడి అంటుకుపోతే, తర్వాత ఒక్కో రవ్వా ఒక్కో తుప్పుచుక్క అవుతుంది.

రేకును కోయడం చూస్తే మీకు సరదా పుడుతుంది. అందరూ కత్తెర తీస్తారు. కత్తెర కోస్తుంది, కాదనను, కానీ తిన్నగా పొడుగు కోతకు పనికిరాదు, అంచు అలలు పడుతుంది. గ్రైండర్ బిళ్ళ మరీ వద్దు. అల్యూమినియం మెత్తటిది, బిళ్ళ గరుకులో ఇరుక్కుని పూడుకుపోతుంది, వేడెక్కి బిళ్ళ పగిలే ప్రమాదం కూడా ఉంది. తిన్నటి కోత కావాలంటే రేకును చదునైన బల్ల మీద పరిచి, గీత మీద ఇనుప పట్టీ పెట్టి రెండు చివరలా బిగించి, పదునైన కత్తితో గీయాలి. మొదటిసారి నెమ్మదిగా, దారి ఏర్పడేలా. తర్వాత అదే గీతలో బలంగా మళ్ళీ మళ్ళీ. మందంలో సగం దాకా తెగిందనిపించాక, గీతను బల్ల అంచుకు తెచ్చి రేకును కిందికీ పైకీ వంచండి. రెండు మూడు వంపులకు పటుక్కున విరిగి, దారం పట్టి కోసినంత తిన్నగా వస్తుంది. వంపు కోతలకు మాత్రం సన్నపళ్ళ జిగ్సా వాడండి, పళ్ళకు కొవ్వొత్తి రుద్దండి. డ్రిల్లు బిట్టుకు రెండు చుక్కలు కిరసనాయిలు చాలు, పొట్టు అంటుకోదు.

కోసిన అంచు బ్లేడు లాంటిది. ఆకురాయితో ఒకే దిక్కుకు, బయటికి లాగుతూ తీయండి. పిల్లలు పట్టుకొని ఎక్కే బండి అది. వీలైతే అంచును అర అంగుళం లోపలికి మడిచి చెక్కసుత్తితో మెల్లగా తట్టండి. ఆ మడత రేకుకు నడుంకట్టు. పదును పోతుంది, బిగువు వస్తుంది. మడవకుండా వదిలేసిన అంచు గాలికి ఆడీ ఆడీ చివరికి చీలుతుంది.

ఇక ఈ ప్రసంగానికి ప్రాణం లాంటి మాట. కప్పు రేకు నడుమ కారదు. కారేది అంచు దగ్గర, అతుకు దగ్గర, రంధ్రం దగ్గర. మనవాళ్ళు డబ్బంతా రేకు మీద పెట్టి, అంచు పట్టీ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. గోడ ముఖానికి రేకు అంచును సరిగ్గా సమానంగా కోసి, సందులో ఒక ట్యూబు సిలికాన్ పూసి అయిపోయిందంటారు. చూడ్డానికి నున్నగా ఉంటుంది. వాననీరు మాత్రం అక్కడ కింద పడదు. రేకు అడుగుభాగాన్ని పట్టుకొని లోపలికి పాకుతుంది, గోడ ప్లైవుడ్డులోకి దిగుతుంది. మరుసటి ఏడాదికి ప్లైవుడ్డు పొరలు పొరలుగా విడిపోతుంది.

దానికి విరుగుడు చూరు. మన ఇళ్ళకు చూరు ఎందుకు పెట్టారో ఈ బండికీ అందుకే పెట్టాలి. రేకు గోడ దాటి కనీసం అర అంగుళం బయటికి రావాలి, ఆ చివర కిందికి వంగాలి. అప్పుడు చుక్క ఆ కొసన వేలాడి నేలమీద పడుతుంది. రేకూ గోడా కలిసే మూలలో అల్యూమినియం ఎల్ యాంగిల్ పట్టీ వేయాలి. ఆ పట్టీ కింద సిలికాన్ కాదు, బ్యుటైల్ టేపు. నల్లగానో, బూడిదరంగులోనో చుట్టలాగా దొరుకుతుంది. గట్టిపడిపోదు, ఏళ్ళ తరబడి బంకగానే ఉంటుంది, రేకు కదిలితే తానూ కదులుతుంది. పట్టీ బిగించినప్పుడు అటూ ఇటూ బయటికి ఉబికి వస్తేనే సరిగ్గా కూర్చున్నట్లు గుర్తు. ఆ ఉబికిందాన్ని వెంటనే గోకేయొద్దు. నాలుగు రోజులు ఎండ తగలనిచ్చి, అది సర్దుకున్నాక వెదురు బద్దతో తీయండి. కత్తితో తీస్తే రేకు మీద గీత పడుతుంది.

సిలికాన్ తప్పనిసరి అయిన చోట కూడా ఏది పడితే అది కొనొద్దు. ట్యూబు మూత తీయగానే వినిగర్ వాసన గుప్పుమంటే, అది అద్దాలకు, బాత్రూములకు. అందులోని ఆమ్లం లోహాన్ని తింటుంది. లోహానికి న్యూట్రల్ రకం అని విడిగా ఉంటుంది, నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే అడగండి.

ముందు వైపు కప్పు గుండ్రంగా దిగే చోట ఎల్ పట్టీ వంగనని మొండికేస్తుంది. బలవంతం చేస్తే విరుగుతుంది. పాత రేకుపనివాళ్ళ చిట్కా ఒకటుంది. పట్టీ మీద బట్టల సబ్బు పొడిగా రుద్ది, కింది నుంచి బ్లో ల్యాంప్ సెగ కదుపుతూ చూపించండి. అల్యూమినియం ఎర్రబడదు. కరిగేదాకా రంగు మారకుండా మోసం చేస్తుంది. కాబట్టి కళ్ళు సబ్బు మీద ఉండాలి. సబ్బు గోధుమరంగు తిరిగి నల్లబడగానే సెగ తీసేయండి. చల్లారాక పట్టీ మెత్తబడి ఉంటుంది, వంపు చెక్క మీద చేతితోనే ఒదిగి కూర్చుంటుంది. అంతకీ వంగకపోతే కింది రెక్కలో అక్కడక్కడ వి ఆకారంలో గాట్లు పెట్టి వంచండి, ఆ గాట్ల మీద మాత్రం బ్యుటైల్ మరవకండి.

రివెట్ల ఎడం ఎంత అని అడుగుతారు. గాలి లెక్క చెప్తాను, మీరే తేల్చుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బండి పోతుంటే ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 17 కిలోలు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ముందు అంచు కొంచెం లేచిందంటే ఆ గాలి రేకు కిందికి దూరి మొత్తాన్ని ఒలిచేస్తుంది. అందుకే ముందు అంచుకు రెండు అంగుళాలకొక రివెట్టు, పక్కలకు మూడు నాలుగు అంగుళాలకు ఒకటి చాలు. ఎదురుగా లారీ వచ్చి దాటినప్పుడు కొట్టే గాలిదెబ్బను కూడా ఈ లెక్కలో కలుపుకోండి.

కప్పు ఎక్కింది, అంచు కుదిరింది. ఇక మన ఎండ. కొత్త అల్యూమినియం మెరుస్తుంది కాబట్టి చల్లగా ఉంటుందని అంటారు. ఆ మాట సగమే నిజం. అది ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది, కానీ పుచ్చుకున్న కాస్త వేడిని మాత్రం సులభంగా వదలదు. అందుకే మధ్యాహ్నం కప్పును తాకలేం. తెల్ల పెయింటు వేస్తే ఎండను తిప్పికొట్టడంతో పాటు వేడిని కూడా వదులుతుంది. రేకుకు పట్టే ఎచ్ ప్రైమర్ ముందు వేసి, ఆ పైన తెల్లరంగు వేయండి. ఇక్కడే ఒక హెచ్చరిక. ఎండాకాలం మిద్దెలకు సున్నం కొట్టే అలవాటుతో ఈ రేకుకూ కొట్టేస్తారు. సున్నం క్షారం. అల్యూమినియాన్ని కాపాడేది దాని ఒంటి మీద తనంతట తాను ఏర్పడే కంటికి కనబడని సన్నని పొర. ఆ పొరను సున్నం కరిగిస్తుంది, ఆపైన రేకును తింటుంది. తడి సిమెంటూ అంతే, చాకలి సోడా నీళ్ళూ అంతే. ఈ కప్పుకు సున్నం శత్రువు.

లోపల రేకు అడుగున రెండంగుళాల ఖాళీ వదిలి పలచటి ప్లైవుడ్డో, వెదురు తడికో సీలింగుగా వేయండి. మంచుకాలంలో నలుగురు మూసుకొని పడుకుంటే వాళ్ళ ఊపిరే రేకుకు తగిలి నీళ్ళై కారుతుంది. కప్పు కారుతోందని అందరూ పైకి ఎక్కి వెతుకుతారు, కారేది లోపలి తేమ. ఎదురెదురుగా రెండు గాలిరంధ్రాలు పెడితే ఆ తంటా ఉండదు. పొయ్యి మాత్రం బండి లోపల వెలిగించకండి. కట్టెల పొయ్యీ గ్యాసూ రెండూ. మూసిన చిన్న గదిలో పొగ కనబడకపోయినా విషవాయువు చేరుతుంది.

చివరగా చట్టం. ట్రాక్టర్ ట్రాలీ వ్యవసాయ సరుకు కోసం, మనుషుల్ని ఎక్కించడానికి కాదు. కప్పు వేసినంత మాత్రాన అది బస్సు కాదు. బోల్తా పడినప్పుడు ఆ రేకు ఎవరినీ కాపాడదు, నష్టపరిహారం దగ్గర కూడా పేచీ వస్తుంది. బండి ఆకారం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా అధికారుల అనుమతి ఉండాలి. కాబట్టి కొత్తగా కట్టించేవాళ్ళు గీత గీయకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. నేను చెప్పిన గది బండి ఆగిన చోట పడుకోవడానికి, దారిలో సామాను తడవకుండా ఉండడానికి. మనుషులు బస్సులోనో రైల్లోనో రావాలి. సుగ్గికి పోయే అన్నలూ అక్కలూ, ఉరుకుందకు పోయే భక్తులూ, ఈ ఒక్క మాట మాత్రం పెడచెవిన పెట్టకండి.

అంచు పట్టీ, బ్యుటైల్ టేపు, సరైన రివెట్లు, వీటికి డబ్బు చాలకపోతే రేకు ఇప్పుడే కొనకండి. ఈ ఏడాదికి పట్టతో గడిపి, వచ్చే ఏడాది అన్నీ కలిపి చేయించుకోండి.